ధనమ్మ ఇస్త్రీ చేసిన కోటు

నాకు సొంత నల్లకోటు ఉంది. ఫిల్మ్ నగర్‌లో జూనియర్ ఆర్టిస్టుకి అది చిన్న ఆస్తేం కాదు. కోర్టు సీను ఉందంటే కంపెనీ వాళ్ళు అద్దె కోట్లు తెస్తారు. అవి చంకల్లో పట్టేస్తాయి, పాత చెమట వాసన కొడతాయి. సొంత కోటున్నవాణ్ణి ముందు వరసలో కూర్చోబెడతారు. ఇరవై రెండేళ్ళుగా సినిమాల్లో నేను లాయర్నే. ఒక్కదాంట్లోనూ నోరు విప్పలేదు. హీరో వాదిస్తుంటే తలూపడం, జడ్జి వస్తే లేచి నిలబడడం, అంతే నా నటన. పేరు సుందర్ రాజు. పుట్టింది గుడివాడ దగ్గర, ఉంటున్నది బోరబండ గుట్ట మీద.

గుట్ట మీద అందరూ నన్ను లాయర్ సాబ్ అంటారు. మొదట వేళాకోళానికి అన్నారు, తర్వాత అదే పేరైపోయింది. నేనూ వద్దనలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, వినడానికి బాగుండేది.

ఆ కోటు ఇస్త్రీ చేసేది ధనమ్మ. మా సందు మలుపులో ఆమె బండి ఉంటుంది. మా చర్చికే వస్తుంది. భర్త పోయి నాలుగేళ్ళైంది. స్టూడియో వాళ్ళ బట్టల మూటలు కూడా ఆమె దగ్గరికే వస్తాయి. కోటు మీద తడిగుడ్డ పరిచి, మెడ పట్టీ దగ్గర్నుంచి మొదలుపెట్టి, అంగుళం అంగుళం కదిపేది. తొందరపెడితే, "ఆగన్నా, జడ్జి ఏం ఉరికిపోడు" అనేది.

పోయిన వేసవిలో మేనేజర్ సాయిశ్రీనివాస్ ఫోన్ చేశాడు. నాకు షూటింగులు ఇప్పించేది అతనే.

"సుందర్ గారూ, ఈసారి మీకు డైలాగుందండీ. నిమిషం మొత్తం మీదే. సినిమా కాదు, ఫోన్లలో తిరిగే వీడియో."

జూబ్లీహిల్స్‌లో ఒక ఆఫీసుకి రమ్మన్నారు. కోర్టు కేసులున్నవాళ్ళకి ఫోన్లోనే లాయర్లని చూసిపెట్టే కంపెనీ అట. ఏసీ గదిలో అద్దం గోడలు, గోడ మీద త్రాసు బొమ్మ. నాకు ఒక అనుమానం వచ్చి అడిగాను, లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదు కదా అని. అరవై కోర్టు సీన్లలో కూర్చున్నవాణ్ణి, ఆ మాత్రం చెవిన పడదా.

సాయిశ్రీనివాస్ నవ్వాడు. "అందుకే కదండీ మీరు. అసలు లాయర్ కనపడితే తప్పు. మీరు లాయర్ కాదు కాబట్టి ఏ రూలూ మిమ్మల్ని పట్టుకోదు."

నాకూ నవ్వొచ్చింది. ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

డైలాగు ఇది: "కోర్టు నోటీసు వచ్చిందా? భయపడకండి. ఈ నంబరుకి ఒక్క ఫోన్ చెయ్యండి. మీ తరఫున నిలబడే లాయర్ని మేం పంపిస్తాం." నాలుగు టేకులు తీశారు. డైరెక్టర్‌గా ఉన్న కుర్రదానికి తృప్తి కలగలేదు. ఇంకేదో కావాలి సార్, గుండెల్లోంచి రావాలి అంది. ఐదో టేకులో కెమెరాలోకి చూస్తూ, చివర్న నా అంతట నేను ఒక మాట కలిపాను. "మాట ఇస్తున్నాను" అన్నాను. గదిలో చప్పట్లు కొట్టారు. ఇరవై రెండేళ్ళలో నాకు కొట్టిన మొదటి చప్పట్లు అవే.

వీడియో బాగా తిరిగింది. బస్సులో ఆడవాళ్ళు నన్ను చూసి గుసగుసలాడుకునేవాళ్ళు. ఎర్రగడ్డ రైతుబజారులో ఒకాయన వంకాయలు తూచి, ఊరికే రెండు ఎక్కువ వేశాడు. నేను మామూలుగా తీసుకున్నాను, నిజంగానే కేసులు గెలిచినవాడిలా.

సెప్టెంబరులో ఒక పొద్దున ధనమ్మ మా గడపలో నిలబడింది. చేతిలో కోటు లేదు, మడతపెట్టిన కాగితం ఉంది.

"అన్నా, గీ కాయితం జర సూడు."

చూశాను. ఆమె మరిది కోర్టులో దావా వేశాడు. గుట్ట మీద ధనమ్మ ఉంటున్న రెండు గదుల ఇల్లు తనదేనని, తన అన్నకి ఊరికే ఉండడానికి ఇచ్చానని. సమన్లు వచ్చాయి. ఆమె తరఫున ఎవరూ రాలేదు. రానందుకు అతని మాటే ఖాయం చేసి, ఇల్లు ఖాళీ చెయ్యాలని కోర్టు డిక్రీ ఇచ్చింది. దాన్ని కోర్టు వాళ్ళు ఎక్స్‌పార్టీ అంటారు. రెండో పక్షం లేకుండా ఇచ్చిన తీర్పు.

"ఎవర్నీ పెట్టుకోలేదా నువ్వు?" అని అడిగాను.

"పెట్టుకున్న. గా వీడియోల నంబర్ లేదా, దానికే ఫోన్ జేసిన. పైసలు కట్టుమన్నరు, కట్టిన. కాయితాలన్ని పంపమన్నరు, పంపిన. మా లాయర్ పోతడు, నువ్వు రానక్కర్లేదు అన్నరు. ఒక్కడు గూడ పోలేదంట. ఇప్పుడు ఫోన్ జేస్తే పాట వస్తది, మనిషి రాడు."

నాకు భయమేస్తే కోపం వస్తుంది, అది నా జబ్బు. ఆమె మీద విరుచుకుపడ్డాను.

"నేను లాయర్ని కాదని నీకు తెలీదా ధనమ్మా? లోకమంతా మోసపోయిందంటే ఒప్పుకుంటాను. ఆ కోటు ఇస్త్రీ చేసి ఇచ్చిందే నువ్వు కదా. అది వేషమని నీక్కాకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

ఆమె కేకలు వెయ్యలేదు. వేస్తే బాగుండేది.

"ఎరుకే అన్నా. నువ్వు లాయర్‌వి కాదని బోరబండల నాకన్న ఎక్కువ ఎవరికి ఎరుక? నేను కోటును నమ్మలే. మాట ఇస్తున్న అన్నవు. ఇరవై ఏండ్ల సంది జూస్తున్న నిన్ను, ఇచ్చిన మాట తప్పంగ సూడలే. అందుకే పోయిన."

నా దగ్గర ఒక్కటే సమాధానం ఉండేది, అది కాస్తా ఆమె లాగేసుకుంది. ఆ మాట ఎవరూ రాసివ్వలేదు. నా నోటి నుంచి వచ్చిందే.

డిక్రీ వచ్చి పంతొమ్మిది రోజులైంది. దాన్ని తీసేయమని అడగడానికి గడువు ముప్ఫై రోజులని కాగితం చదివిన మా పాస్టర్ గారి అబ్బాయి చెప్పాడు. పదకొండు రోజులు మిగిలాయి. అప్పుడు గుర్తొచ్చారు కాశీవిశ్వనాథం గారు.

ఆయన శ్రీనగర్ కాలనీలో ఉంటారు. సివిల్ కేసుల్లో నలభై ఏళ్ళ లాయరు. సినిమా వాళ్ళు కోర్టు సెట్టు వేసినప్పుడల్లా లావుపాటి లా పుస్తకాలు ఆయన దగ్గర్నుంచే తెచ్చేవాళ్ళు. వాటిని మోసుకెళ్ళి మళ్ళీ అలమారలో సర్దిన రోజులున్నాయి నాకు. అంటే అసలైన లాయరు ఎక్కడున్నాడో నాకు తెలుసు. ధనమ్మకి చెప్పాలని ఒక్కరోజూ తోచలేదు.

ధనమ్మని తీసుకుని వెళ్ళాను. గేటు పక్కన కాగితప్పూల తీగ ఒత్తుగా పెరిగింది. దాని వెనక జానెడు బోర్డు, పేరూ డిగ్రీ, ఇంకేమీ లేదు. తీగ పక్కకి తీస్తే గానీ కనపడదు.

ఆయన కాగితాలన్నీ రెండుసార్లు చదివారు. ధనమ్మ దగ్గరున్న కరెంటు బిల్లులు, ఇంటి పన్ను రసీదులు, ఆ కంపెనీతో నడిచిన మెసేజీలు అన్నీ చూశారు. "ఇంత స్పష్టమైన కేసు. మొదటి రోజే ఎవరైనా నిలబడి ఉంటే ఇంతవరకూ వచ్చేది కాదు. నా దగ్గరికి ఎందుకు రాలేదమ్మా?" అన్నారు.

ధనమ్మ నా వైపు చూసింది. నాకు ఆగలేదు.

"ఎలా వస్తుంది సార్? మీరున్నారని ఎవరు చెప్పారు ఆమెకి? మీ బోర్డు చూడాలంటే కత్తెర తెచ్చుకుని తీగ కొయ్యాలి. ఆమె బండికీ మీ గేటుకీ నాలుగైదు కిలోమీటర్లు కూడా ఉండవు."

"లాయరు తన గురించి తను చెప్పుకోకూడదు సుందర్ రాజూ. అది నిబంధన. నిబంధన లేకపోయినా నేను చెప్పుకోను. ఇది అంగడి కాదు."

"అంగడి కాదని మీరు తలుపేసుకుని కూర్చున్నారు. అంగడి వాళ్ళు నేరుగా ఆమె ఫోన్లోకి వచ్చారు. ఆమెకి వినపడింది వాళ్ళ గొంతు ఒక్కటే."

"వాళ్ళ గొంతు కాదు, నీ గొంతు" అన్నారాయన.

కోపంగా అనలేదు, ఉన్నమాట అన్నారు. నేను తల దించుకున్నాను. ఆయనే మళ్ళీ అన్నారు. "నేనూ నీలాగే కెమెరా ముందు నిలబడితే ఏమవుతుందో ఆలోచించు. ఎవడి మొహం బాగుంటే కేసులు వాడివి. ఎవడి గొంతు పెద్దదైతే వాడే పెద్ద లాయరు. మీ ఫిల్మ్ నగర్‌లో అది చెల్లుతుంది, నష్టం లేదు. ఇక్కడ చెల్లితే ఇళ్ళు పోతాయి." ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "కానీ నువ్వన్నదీ అబద్ధం కాదు. ఈమె ఇన్నాళ్ళూ ఇక్కడికి దగ్గర్లోనే ఉండి కూడా నన్ను చేరలేదు."

తర్వాత పని చెప్పారు. ధనమ్మ అశ్రద్ధ చెయ్యలేదని కోర్టుకి చూపించాలి. అందుకు నా అఫిడవిట్ కావాలి. ఆ వీడియోలో ఉన్నది నేనేనని, ఆ మాట నేనే అన్నానని, నేను లాయర్ని కాదని సంతకం పెట్టి చెప్పాలి. ఎదుటి లాయరు అడిగితే బోనెక్కాలి కూడా.

సంతకం పెట్టి, అది కోర్టులో పడ్డ మర్నాడే సాయిశ్రీనివాస్ ఫోన్ చేశాడు. "ఎందుకండీ మీకీ గొడవ? కంపెనీ పేరు రాశారట. రేపు ఏ మేనేజరు పిలుస్తాడు మిమ్మల్ని? మీ మంచికే చెబుతున్నాను." వీడియో తీసేయించమన్నాను. లక్షల మంది చూస్తున్నారు, ఎలా తీస్తారండీ అన్నాడు. ఆ తర్వాత అతని నుంచి ఫోను లేదు. షూటింగూ లేదు.

ధనమ్మ కూడా నాతో మాట్లాడడం మానేసింది. చర్చిలో ఎదురైతే తల పంకించి వెళ్ళిపోయేది. కోటు ఇస్త్రీకి ఇవ్వడానికి నాకు మొహం చెల్లలేదు. అది మేకుకి అలాగే వేలాడింది.

వాయిదా రోజున తెల్ల చొక్కా వేసుకుని వెళ్ళాను. అసలు కోర్టు చిన్న గది. మా సెట్లలో నాలుగో వంతు కూడా ఉండదు. ఫ్యాను కిర్రుమంటోంది. దేవుని ఎదుట ప్రమాణం చేయించారు. ఏం పని చేస్తారని జడ్జి అమ్మ అడిగారు.

"సినిమాల్లో లాయర్‌గా కూర్చుంటానండీ" అన్నాను.

వెనక ఎవరో నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

మరిది తరఫు లాయరు లేచాడు. "మీరు నటుడని ఆమెకి ముందే తెలుసు కదా?"

"తెలుసండీ. నా కోటు ఆమే ఇస్త్రీ చేస్తుంది."

"అయితే ఆమె మోసపోలేదు. తెలిసే వెళ్ళింది."

తెలియదని అబద్ధం చెప్పాలని నాలుక దాకా వచ్చింది. చెబితే ఆమెకి మేలనిపించింది. కాశీవిశ్వనాథం గారు టేబుల్ మీద కాగితం వంకే చూస్తున్నారు, నా వైపు చూడలేదు.

"ఆమె కోటుని నమ్మలేదండీ, నన్ను నమ్మింది. మాట ఇస్తున్నానని నేనే అన్నాను. ఆ మాట ఎవరూ రాసివ్వలేదు. డైలాగు పండాలని నేనే కలిపాను. ఎవరు వస్తారో, అసలు వస్తారో రారో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. ఇల్లు పోవాల్సి వస్తే నాది పోవాలి. నాది అద్దె కొంప." ఏ డైరెక్టరూ అడగని ఏడుపు వచ్చింది, ఆపుకోలేకపోయాను.

జడ్జి అమ్మ అక్కడే ఆర్డరు చెప్పారు. రాకపోవడంలో ధనమ్మ అశ్రద్ధ లేదు, డిక్రీ రద్దు. ధనమ్మ తన జవాబు దాఖలు చేసుకోవచ్చు, కేసు మొదటి నుంచి నడుస్తుంది. ఇల్లు గెలిచినట్టు కాదని కాశీవిశ్వనాథం గారు బయట వివరించారు. ఆమె మాట వినకుండా మాత్రం ఎవరూ ఖాళీ చేయించలేరని చెప్పి, ఇంకో గదిలో కేసుందని వెళ్ళిపోయారు.

నేనూ ధనమ్మా వరండాలో నిలబడ్డాం.

"లాయర్ గారూ" అని వెనక నుంచి పిలుపు.

వరండాలో నల్లకోట్లు పదిదాకా ఉన్నాయి. ఒక్కరూ తిరగలేదు. నేను తిరిగాను. పది నిమిషాల క్రితం ప్రమాణం చేసి, నేను లాయర్ని కాదని చెప్పి వచ్చిన మనిషిని, పిలవగానే తిరిగాను. ధనమ్మ అది చూసింది.

పాతికేళ్ళ పిల్ల. చంకలో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలు. ఫోన్ నా ముందు పెట్టింది. అందులో నేనే, కోటు వేసుకుని, మాట ఇస్తున్నాను.

"మీరే కదా సార్. సాయంత్రం పైసలు కట్టి కాయితాలు పంపుదామనుకుంటున్నం. మీరే కనపడ్డరు."

"నేను లాయర్ని కాదమ్మా" అన్నాను. నాకే సరిగ్గా వినపడలేదు.

ఆ పిల్ల మొహం చిన్నబోయింది. "మాది చిన్న కేసనా సార్?"

ధనమ్మ ఆ పిల్ల చేతిలోంచి ఫోన్ తీసుకుంది. వీడియో ఆపి, నా మొహంలోకి చూసింది. రెండు నెలల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడింది.

"గట్ల కాదన్నా. గా వీడియోల ఎంత గట్టిగ జెప్పినవో, గంత గట్టిగ జెప్పు."

చెప్పాను. కంపెనీ పేరు చెప్పాను, నా పేరు చెప్పాను, చేసిన పని చెప్పాను. వరండాలో నల్లకోట్లన్నీ ఇటు తిరిగాయి. నేను ఆపలేదు.