పిడికిలి చాటు పక్షులు

ఫ్లాస్కులో టీ పోసి మూత బిగిస్తుండగా, పడకగదిలోంచి భర్త గొంతు దుప్పటి అంచు దాటుకుని బద్ధకంగా వచ్చింది.

"ఈ వానలో ఎక్కడికోయ్? పిట్టలు కూడా ముసుగు తన్ని పడుకుని ఉంటాయి. పోయినేటి కాగితం చూసి అంకెలు అటూ ఇటూ మార్చి నింపెయ్. సంతకం నేను పెడతాగా!"

ఆమె మూతను మరో చుట్టు బిగించింది. చెరువు మీద శీతకాలపు పక్షుల లెక్క పదకొండేళ్లుగా అతని పేరు మీదే సాగుతోంది. బడిలో లెక్కలు చెప్పే మనిషి కాబట్టి అతనికి 'పిట్టల మాస్టారు' అన్న పేరు సులువుగా అతుక్కుపోయింది. ఎల్లుండి పక్షుల సంఘం సభలో సన్మానం కూడా పెట్టారు. మొదటి ఏడాది బైనాక్యులర్స్ పట్టుకుని పావుగంట నిలబడ్డాడు. మెడ పట్టేసిందని కారులో కూర్చున్నాడు. మరి దిగలేదు. గట్టు మీద తడుస్తూ ఆమె అంకె చెబితే, కిటికీ అద్దం రెండంగుళాలు దించి అతను రాసుకునేవాడు. మూడు వందలంటే, "మరీ పలచగా ఉందోయ్, ఇంత చెరువుకి పరువు తక్కువ" అని ఎనిమిది వందలు వేసేవాడు. "నీకు లెక్క వచ్చు, నాకు మాట వచ్చు. సరిపోయింది కదా" అనేవాడు. "వాడికి పిట్టల పిచ్చి, కోడలికి వాడి పిచ్చి" అని అత్తగారు నవ్వితే, ఆ నవ్వులో తన నవ్వూ కలిపిన రోజులు ఆమెకు గుర్తున్నాయి. ఎవరి నవ్వూ గుచ్చుకోలేదు, తన నవ్వే ఇప్పుడు గుచ్చుకుంటోంది.

మొదటి బస్సులో తను ఒక్కతే. దిగేసరికి చెరువు కనబడలేదు. వాన ఒక తెర, మంచు ఒక తెర, వాటి వెనక ఎక్కడో నీళ్లు మెల్లగా ఊపిరి పీలుస్తున్నట్టు అలికిడి. గొడుగును గాలి వెనక్కి విరిచేసింది. ముడిచి చంకలో పెట్టుకుంది. బూట్లలోకి చల్లగా నీళ్లు చేరాయి, చేరి వెచ్చబడ్డాయి.

ఆమె లెక్కకు ఒక పద్ధతి ఉంది. చేయి బారుగా చాచి పిడికిలి బిగిస్తుంది. ఆ పిడికిలి చాటయ్యే మేరలో ఎన్ని పక్షులున్నాయో, చేయి కాస్త దించి ముందు లెక్కపెట్టుకుంటుంది. తర్వాత పిడికిలిని పక్కకు జరుపుతుంది, మళ్లీ ఎంచుతుంది. ఇలా జరిపి జరిపి చెరువంతా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు కొలుస్తుంది. మంచు పలచబడిన చోట నల్లబాతులు ఒక్కొక్కటే తేలి వచ్చాయి, ఎవరో నిద్రలో పలికిన మాటల్లా. నీటికాకి ఒకటి మునిగింది. అది తేలేదాకా ఆమె ఊపిరి బిగబట్టింది. నీళ్లెక్కడో ఆకాశమెక్కడో తెలియని ఆ బూడిదరంగులో తను ఎవరికి భార్యో, ఎవరికి కోడలో, ఏ గిన్నె ఏ అరలో ఉందో, అన్నీ మెల్లగా కరిగి జారిపోయాయి. చూసే కళ్లు రెండు, చాచిన చేయి ఒకటి, అంతే మిగిలాయి. తొంభై ఆరు, తొంభై ఏడు...

ఫోన్ మోగింది.

"నా బూడిదరంగు స్వెటర్ ఎక్కడ పెట్టావ్?"

"అల్మరాలో రెండో అర. ఎడంపక్క."

"ఎడమంటే? నాకు ఎడమా, అల్మరాకి ఎడమా?"

అతనికి స్వెటర్ దొరికింది. ఆమెకు అంకె జారిపోయింది. మళ్లీ మొదటి పిడికిలి నుంచి మొదలుపెట్టింది.

ఉత్తరపు ఒడ్డున రెల్లు లేదు. నిరుడు పడవల రేవు కోసం కొట్టేశారు. పక్షులు దండిగా ఉన్నాయి, కాస్త రెల్లు పోయినా ఫర్వాలేదని తేల్చినవాళ్లు ఈ కాగితాలు చూసే తేల్చారు. మోళ్ల మధ్య తెల్లకొంగ ఒక్కటి, కాలు ముడుచుకుని, ఎవరి కోసమో నిలబడినట్టు నిలబడి ఉంది. ఆమె దాన్నీ కలిపింది. నూట ఎనభై ఎనిమిది.

సంఘం తరఫున కాగితాలు తీసుకునేది రిటైరైన నర్సమ్మ. గట్టు కింది రేకుల గదిలో, ఒకప్పుడు జ్వరం చార్టులు రాసినంత శ్రద్ధగా గీతలు కొట్టుకుంటూ కూర్చుంది.

"మాస్టారు రాలేదా అమ్మాయ్? అయ్యో, నిలువెల్లా తడిసిపోయావే! ఎంతొచ్చింది?" కాగితం అందుకుని కళ్లజోడు సర్దుకుంది. "నూట ఎనభై ఎనిమిదా! పోయినేడు ఏడు వందలు కదూ. వాన కదా, గాలికి ఎటో పోయుంటాయి. వాతావరణం బాగాలేదని పక్కన రాసుకుందాం."

ఎంత తేలికైన దారి! వాన ఎవరికీ సంజాయిషీ చెప్పుకోదు. రాసుకోండి అంటే చాలు, ఎల్లుండి సభ సభలాగే జరుగుతుంది, ఇల్లు ఇల్లులాగే ఉంటుంది. కొంగ మాత్రం అక్కడే, ఆ మోళ్ల మధ్యే ఉంటుంది.

"వాన వల్ల కాదండీ," అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "పోయినేడు రెండు వందల పద్నాలుగే. మా చిన్నమ్మాయి చేయి విరిగిన ఏడు రెండు వందల తొంభై. మా అమ్మ పోయిన ఏడు మూడు వందల నలభై ఒకటి. ఆ రోజు ఏడుస్తూనే ఎంచాను. అందుకే రెండుసార్లు సరిచూశాను. అన్నీ గుర్తున్నాయి."

నర్సమ్మ కలం ఆగింది. "మరి ఆ కాగితాల మీద ఉన్నవి?"

"రాసింది మావారు. ఊరుకున్నది నేను."

నర్సమ్మ కళ్లజోడు తీసి కాగితం పక్కన పెట్టింది.

"ఎల్లుండి సన్మానం పెట్టుకుని ఇదేంటమ్మాయ్," అంది నర్సమ్మ, గొంతు తగ్గించి. "తొందరపడకు. ఇంటికెళ్లి నింపాదిగా ఆలోచించుకుని రా."

ఆమె తడి కొంగు పిండుకుని, ఎదురు బల్ల మీద కూర్చుంది.

"ఇంటికెళ్తే వంట గురించి ఆలోచిస్తానండీ. ఖాళీ ఫారాలు ఇంకో పదకొండు ఉంటే ఇవ్వండి, ఇక్కడే రాసిచ్చి వెళ్తాను."