మాగబెట్టిన గడ్డి

పట్టపగలు, ఊరంతా చూస్తుండగా గోవిందరావు సావుకారి ట్రాక్టర్ కళ్లంలోకి వచ్చింది. ఆడవాళ్లంతా కలిసి మాగబెడుతున్న గడ్డి మేటును ఎత్తుకుపోవడానికి వచ్చింది. తోలుతున్నవాడు ఆ ఊరివాడే, సావుకారి దగ్గర జీతానికున్న తిరుపతిరావు. మేటు చుట్టూ కూర్చున్నవాళ్లలో అతని భార్య కల్యాణి కూడా ఉంది. ఒక్కసారి చూసి మొహం తిప్పుకుంది. తిరుపతిరావుకి తల కొట్టేసినట్టయింది.

ఒడిశాలో గుణుపురం పక్కన, వంశధార ఒడ్డునున్న ఆ పల్లెలో అందరూ సావుకారి భూమిని పాలుకు చేసుకునే రైతులే. తాతలు శ్రీకాకుళం నుంచి వచ్చిన నాటి నుంచీ ఒకటే కట్టు. గింజలో సగం భూమిగలవాడిది, గడ్డంతా పండించినవాడిది. ఎండుగడ్డికి విలువ లేనన్నాళ్లూ సావుకారి దానివంక చూడలేదు. అది తిని ఆవులు ఎముకలు తేలి తిరిగేవి. పాలు కావాలంటే అతని కొట్లోనే దాణా కొనాలి. అలాంటిది, పశువుల ఆస్పత్రి శాంతిప్రియ మేడం వచ్చి, నీళ్లలో కొలత ప్రకారం యూరియా కరిగించి, గడ్డి పొరల మీద చల్లి తొక్కి, గాలి చొరకుండా బరకం కప్పి మూడు వారాలు ఉంచమని నేర్పింది. గడ్డి మెత్తబడింది. ఆవులు పరక వదలకుండా తిన్నాయి, పొదుగులు నిండాయి. దాణా బస్తాలు కొట్లోనే ఉండిపోయాయి.

ఎందుకో సావుకారికి అంతుపట్టలేదు. చెప్పింది తిరుపతిరావే. కొట్టు అరుగు మీద టీ తాగుతూ, "మా ఆడోళ్లు గెడ్డినే దాణా సేసేసినారు బాబూ" అని గొప్పలు పోయాడు. సావుకారి అప్పుడు నవ్వి ఊరుకున్నాడు. కోతలవగానే గడ్డి కూడా తనదే అన్నాడు. నోటిదూల ఎవరిదో కల్యాణికి తెలుసు. అప్పటి నుంచి ఇంట్లో మాటల్లేవు.

"బరకం లాగండ్రా" అన్నాడు ట్రాక్టర్ వెనకే వచ్చిన సావుకారి, వెంట తెచ్చుకున్న కూలీలతో.

కూలీలు కదల్లేదు. అందరికంటే పెద్దది గురమ్మ లేచింది. "ఇంకా మాగలేదు బాబూ. ఇప్పుడు గాలి తగిల్తే పాడైపోద్ది. నీకూ అక్కరకు రాదు."

"పాడైపోనీ. నా భూమిలో పెరిగిందే కదా."

"ఇత్తనం ఏసింది మేము, కలుపు తీసింది మేము. ఒగ్గేస్తే నీ భూమి తుప్పలే కాస్తాది. ఆ తుప్పలు పట్టుకెల్లు."

ఆడవాళ్లు నవ్వారు. సావుకారి మొహం కందిపోయింది. "తిరుపతీ, నువ్వు లాగు. నా ఉప్పు తింటన్నావు."

తిరుపతిరావు దిగాడు. సిగ్గుతో మెడ ఎత్తలేకపోయాడు, అయినా కాళ్లు నడిచాయి. జీతానికి అలవాటుపడ్డ కాళ్లు బుర్రని అడగవు. బరకం అంచున మెత్తిన మట్టిని తన్నాక గాని చూసుకోలేదు, దాని మీద ఆడవాళ్ల వేళ్ల గుర్తులున్నాయి. మూల పట్టి లేపాడు. లోపలి యూరియా ఘాటు గుప్పున కళ్లకి కొట్టింది. నీళ్లు కారాయి. తుడుచుకున్నకొద్దీ కారాయి. అన్నీ ఘాటువే కావని అతనికి తెలుసు.

"సూస్తన్నావేటి? ఘాటంతా పోతంది. ఆ మూల నొక్కు" అంది కల్యాణి. ఇన్నాళ్లకి అతనితో అన్న మొదటి మాట అది.

తిరుపతిరావు మోకాళ్ల మీద కూలబడి బరకం నొక్కాడు, చేతులతో మట్టి ఎగదోశాడు. ట్రాక్టర్ తాళం సావుకారి కాళ్ల ముందు పడేశాడు. కూలీలు కూడా వచ్చి తలో అంచూ పట్టారు.

సావుకారి ఫోన్ చేస్తే పోలీసు జీపు వచ్చింది. "డ్రైవర్ ఎవడు?" అన్నాడు ఎస్సై వచ్చీరాని తెలుగులో. "గడ్డి సావుకారిదని చెప్పు, ఇంటికి పో."

"గెడ్డి ఈళ్లది సార్." తల ఎత్తకుండానే అన్నాడు తిరుపతిరావు. "ఈళ్ల సంగతి సావుకారికి మోసింది నేను. ఈళ్ల మీదకి ట్రాక్టర్ తోలింది నేను. కేసు రాస్తే ముందు నా పేరు రాయండి."

"జీపెక్కు."

"ఎక్కుతాను. ఈ మూల ఎవరన్నా పట్టుకోండి."

కల్యాణి వచ్చి పట్టుకుంది. క్షమించినట్టు ఆమె మొహంలో ఏమీ లేదు. అడిగే మొహం అతనికీ లేదు.

"మాగేదాకా ఇక్కడినుంచి ఎవులూ లెగవొద్దు" అంది గురమ్మ, జీపు వాళ్లకి కూడా వినబడేలా. "మాగేక ఆవులకేసి, ఆ పాలు పట్టుకుని టేసన్ కాడికి ఎల్దాం. ఈడిని ఒగ్గేదాకా ఆడే కూకుందాం."

జీపు కదిలింది. తిరుపతిరావు మండే కళ్లతోనే బయటికి చూశాడు. పక్క పల్లె ఆడవాళ్లు బరకాలు నెత్తిన పెట్టుకుని పొలం గట్ల మీద బారులు కట్టి వస్తున్నారు. వాళ్ల ఊళ్లోనూ భూమి గోవిందరావుదే.