వీపు మీది మచ్చ

"నిశ్చితార్థం లోపు ఆ మూతి మీద మచ్చ తీయించుకోరాదూ," అన్నారు మా ఆయన, రెండో పెసరట్టు పళ్లెంలో వేయించుకుంటూ. నా మొహం చూసి అనలేదు, ఫోన్ చూసి అన్నారు. ఫోన్లో నా మొహం ఉంది. మా అమ్మాయి అలేఖ్యని చూసుకోవడానికి బాపట్ల నుంచి పెళ్ళివారు వచ్చిన రోజు తీసిన ఫోటో అది. మా ఆడపడుచు లక్ష్మీదుర్గ దాన్ని పెద్దది చేసి, ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టి, "వదిన మూతి మీద ఈగ వాలింది, ఎవరన్నా తోలండర్రా" అని రాసింది. కింద వరసగా నవ్వే బొమ్మలు. అందులో ఒకటి ఈయన పెట్టిందే. నేనూ ఆ గ్రూపులో ఉన్నానన్న సంగతి వాళ్ళెవరికీ గుర్తు లేనట్టుంది. నేను పొయ్యి దగ్గరికి వెళ్ళి మూడో అట్టు పోశాను.

ఈ మచ్చని మొదట పట్టుకున్నది మా అత్తగారు సరోజినమ్మగారు. పెళ్ళిచూపుల్లో నేను కాఫీ ఇస్తుంటే కప్పు వైపు చూడకుండా నా పై పెదవి వైపు చూశారు. అక్కడ మచ్చ ఉన్న ఆడదానికి నోరెక్కువని ఆవిడ గట్టి నమ్మకం. పోయిన మామగారు దశరథరామయ్యగారు "పిల్ల మెతక, మచ్చదేముందే" అని సర్దిచెప్పబట్టి నేను రేపల్లె కోడలినయ్యాను. అప్పట్నుంచీ ఆ మచ్చ చెప్పేది అబద్ధమని రుజువు చేసుకోవడమే నా కాపురం. కూరలో ఉప్పెక్కువైందంటే ఎక్కువైందన్నాను, తక్కువైందంటే తక్కువైందన్నాను. మా పురుగుమందుల కొట్లో ఆయన భోజనానికి లేచినప్పుడల్లా నేనే కూర్చుంటాను. వరికి దోమపోటు వస్తే ఏ మందు కొట్టాలో, ఎన్ని నీళ్ళు కలపాలో నాకు తెలుసు. అయినా వచ్చిన రైతు "సారు లేరామ్మా?" అని గుమ్మం దగ్గరే నిలబడతాడు. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి నేను చెప్పిందే చెబితే తలూపి పట్టుకుపోతాడు. నేను ఏమీ అనను. ఒకే ఒక్కసారి, ఇంటినిండా చుట్టాలున్న రోజు, నాకు నడుం నొప్పిగా ఉందన్నాను. "మచ్చ ఊరికే ఉంటుందా," అన్నారు అత్తగారు. నడుం సంగతి అక్కడితో ముగిసింది.

ఇప్పుడు ఉన్నట్టుండి ఆ మచ్చని తీసేయాలని ఇంట్లో అందరూ ఒక్కమాట మీదికొచ్చారు. తలవెంట్రుకతో బిగించి కడితే అదే రాలిపోతుందన్నారు అత్తగారు. అది పులిపిరి కాదు అత్తయ్యగారూ అంటే, నీకన్నీ తెలుసు అన్నారు. మా వీధి పార్లరావిడ ఏదో ఆయింట్‌మెంట్ తెప్పిస్తాను, రెండు పూతలకి మాడిపోతుందని ఆశ పెట్టింది. "అమ్మా, అవేం పూయకు, మొహం కాలుద్ది. తెనాల్లో మంచి స్కిన్ డాక్టరు ఉన్నారంట, వెళ్ళొచ్చెయ్," అంది అలేఖ్య. తను రాలేదు, జాకెట్లు కుట్టేవాళ్ళ దగ్గర పనుందట. ఆయనకి కొట్టు. అత్తగారి పళ్ళు కట్టించడానికి నేను వెళ్ళాను, ఆయన కంటి ఆపరేషన్‌కి నేను వెళ్ళాను, అలేఖ్యకి టాన్సిల్స్ తీసినప్పుడు ఆసుపత్రి బెంచీ మీద నేనే పడుకున్నాను. నేను డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సి వచ్చేసరికి నాతో వచ్చేవాళ్ళు ఎవరూ లేరు. భట్టిప్రోలు దాటాక రైల్లో ఎదురుగా కూర్చున్న ముసలావిడ "ఒక్కదానివేనా తల్లీ?" అని అడిగితే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దుమ్ము పడిందన్నాను.

డాక్టరు ఆయేషాగారు నాకన్నా చిన్నది. భూతద్దం లాంటి దాన్ని పెదవి మీద పెట్టి చూసి, ఇది చాలా మంచి మచ్చమ్మా అంది. మచ్చల్లో మంచీ చెడూ ఉంటాయని నాకు తెలియదు. అంచులు గుండ్రంగా ఉన్నాయి, రంగు ఒకటే ఉంది, ఏళ్ళ తరబడి ఇలాగే ఉంది, దీంతో ఏ భయమూ లేదంది. తీయించుకోవాలని మీకుంటే తీస్తాను, చర్మం మట్టానికి గీకి తీయొచ్చు, లేదా కోసి సన్నగా కుట్టొచ్చు, ఎలా తీసినా అక్కడ చిన్న గీతో గుంటో మిగలొచ్చు, గీకితే ఒక్కోసారి మళ్ళీ వస్తుంది కూడా అని ఓపిగ్గా చెప్పింది. చివర్న, "మీకు ఇష్టమేనా మరి?" అని అడిగింది. నిశ్చితార్థం ఉందండి అన్నాను. ఆవిడ నా వంక ఒక్క క్షణం చూసి, సరే, వచ్చారు కదా, ఒంటి మీద మిగతా మచ్చలు కూడా చూస్తానని తెర వెనక్కి రమ్మంది.

"ఇదెప్పట్నుంచి ఉందమ్మా?" అంది నా వెనక నుంచి.

"ఏదండీ?"

"వీపు మీద, ఎడం రెక్క కింద. పెద్దదే."

అక్కడొక మచ్చ ఉందని నాకు అప్పుడే తెలిసింది. పుట్టుమచ్చే కదండీ, పుట్టినప్పట్నుంచీ ఉండే ఉంటుంది అన్నాను. డాక్టరు నవ్వింది. ఆ పేరు వల్ల అందరూ అలాగే అనుకుంటారట. పుట్టుమచ్చలని పిలుస్తాం గానీ చాలా మచ్చలు మనం పుట్టాక ఎప్పుడో వచ్చినవేనట. అందుకే ఎప్పుడొచ్చింది, ఎలా మారింది అన్నదే ముఖ్యమట. నా ఫోన్‌తోనే ఫోటో తీసి చూపించింది. ఒక పక్క కాఫీరంగు, ఇంకో పక్క నలుపు, కింది అంచు ఎలక కొరికినట్టుంది. ఇలాంటి వాటిని మిషన్‌తో కాల్చకూడదు, మొత్తం కోసి తీసి పరీక్షకి పంపాలి, కాల్చేస్తే పరీక్షించడానికి ఏమీ మిగలదంది. ఏమీ కాకపోవచ్చు, కానీ చూడకుండా వదిలేసేది మాత్రం కాదు, అందుకే నిజం తెలుసుకుందాం అంది. "ముందు కంటే పెరిగిందా, రంగేమన్నా మారిందా, మీవారికి తెలుస్తుంది కదా. ఫోన్ చేసి అడగండి." 

బయటికొచ్చి కుర్చీలో కూర్చున్నాను. మా ఇంట్లో వాళ్ళ వీపుల గురించి ఎవరన్నా అడిగితే నేను కళ్ళు మూసుకుని చెప్పగలను. ఆదివారం తలంటు అంటే మా ఆయన స్నానాలగదిలో పీట మీద కూర్చుని "వీపు రుద్దూ" అని కేకేస్తారు. ఆయన మెడ కింద చెమటకాయలు ఏ నెలలో లేస్తాయో నాకు తెలుసు. అత్తగారికి ఇప్పుడు రోజూ నేనే స్నానం చేయిస్తాను. ఆవిడ వెన్ను మీద చర్మం ఎక్కడ పలచబడిందో, ఎక్కడ గట్టిగా రుద్దకూడదో నా చేతికి తెలుసు. అలేఖ్య భుజం మీద నువ్వుగింజంత మచ్చ పదో తరగతి సెలవుల్లో వచ్చింది. మరి నా వీపు? పొద్దున్నే అందరికంటే ముందు లేచి గబగబా రెండు చెంబులు పోసుకుని వస్తాను, చెయ్యి అందినంతవరకే సబ్బు. ఆయన ఎప్పుడూ దీపం తీసేసిన తర్వాతే నా పక్కకి వచ్చేవారు. ఈమధ్య అదీ లేదు.

అందుకే ముందు కర్లపాలెంలో మా అమ్మకి చేశాను.

"నీ వీపు మీదా? ఏమీ లేదే," అంది అమ్మ. "పెళ్ళికి నలుగు పెట్టినప్పుడు నేనే కదటే రుద్దింది. నున్నగా ఉంది. దేవకన్యలా ఉందని మీ పెద్దమ్మ అంటే దిష్టి కూడా తీశాను. ఏం, ఎందుకు?"

ఊరికేనమ్మా అన్నాను. ఫోన్ పెట్టేశాక లెక్క తేలింది. పెళ్ళినాటికి లేని మచ్చ ఇప్పుడు ఉంది. ఈ మధ్యకాలంలో ఎప్పుడు వచ్చిందో, ఎంత ఉండేదో, ఎప్పుడు నల్లబడిందో చెప్పగలిగిన మనిషి లేరు. నలుగు రోజు తర్వాత నా వీపుని వెలుతురులో చూసింది ఈ డాక్టరమ్మే. అది తెలిసేసరికి మచ్చ మీద భయం కన్నా పెద్ద దిగులు పట్టుకుంది. ఇంతకాలం నేను ఏ ఇంట్లో, ఎవరి మధ్య ఉన్నానో అర్థం కాలేదు.

అయినా ఆయనకి చేశాను. ఒకవేళ చూసి ఉంటారేమో, ఎప్పుడో నేను నిద్రపోతున్నప్పుడైనా చూసి ఉంటారేమో అని చిన్న ఆశ.

"వీపు మీద మచ్చేంటి? మచ్చ మూతి మీద కదా," అన్నారు.

డాక్టరు చెప్పిందంతా చెప్పాను. అంచులు బాగాలేవట, కోసి పరీక్షకి పంపాలట, ఇవాళే చేస్తారట. ఏం పరీక్ష, భయమేమన్నా ఉందా, నేను రానా అని అడుగుతారని ఎదురుచూశాను. కొట్లో ఎవరికో డబ్బా అందిస్తున్నట్టున్నారు.

"వీపుదెవరికి కనపడుద్ది? తర్వాత చూద్దాంలే. ముందు మూతిది తీయించుకొని రా. ఇప్పుడు వీపు మీద కుట్లవీ వేయించుకుంటే నిశ్చితార్థం పనులు ఎవరు చూస్తారు?"

కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. ఆయన చెడ్డవాడు కాదు, నిజమే చెప్పారు. వీపుది ఎవరికీ కనపడలేదు. అమ్మాయి పెళ్ళి కుదిరే వయసొచ్చినా ఎవరికీ కనపడలేదు. ఫోటోలో పడేంత మేరకే నేను వాళ్ళకి కావాలి, మిగతాదంతా పనిచేస్తూ ఉంటే చాలు. ఆ కుర్చీలో కూర్చుని, చుట్టూ అంతమంది ఉండగా, చీరకొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని లోపలికి వెళ్ళాను.

"ఏమన్నారు మీవారు?" అంది ఆయేషాగారు.

"ఆయనకి తెలియదండి. మా అమ్మకి తెలుసు. పెళ్ళినాటికి లేదట."

"అయితే తీసేద్దాం. మరి పెదవి మీదది?"

"దాన్ని ఉండనివ్వండి. నాకు అది అడ్డం కాదు."

సూది మంట తప్ప నొప్పి తెలియలేదు. బోర్లా పడుకుని గోడ వైపు చూస్తూ ఉన్నాను. ఎవరో నా ఒంటి మీద శ్రద్ధగా, తొందరపడకుండా పనిచేస్తున్నారన్న సంగతే కొత్తగా ఉంది. మధ్యలో రెండుసార్లు "బాగానే ఉందామ్మా?" అని అడిగింది. రెండుసార్లూ బాగుందండి అన్నాను. తీసిన ముక్కని చిన్న సీసాలో వేసి నా పేరు, బిందుమాధవి అని, అంటించారు. ఫలితం వారం దాటాక వస్తుందన్నారు.

నర్సు దేవకుమారి నన్ను లేపి కూర్చోబెట్టి, జాకెట్ హుక్కులు తనే పెట్టి, జాగ్రత్తలు చెప్పింది. తడవకూడదు, బరువులు ఎత్తకూడదు, వంగి పనులు చేయకూడదు, రోజు మార్చి రోజు కట్టు మార్చాలి. "మీ చెయ్యి అందదు కదమ్మా. మార్చడానికి ఇంట్లో ఎవరున్నారు?"

ఒక్కొక్కరి ముందూ వీపు తిప్పుకుని కూర్చున్నట్టు ఊహించుకున్నాను. అత్తగారు మొహం తిప్పుకుంటారు, మడికట్టుకున్నానంటారు. అలేఖ్య రక్తం చూడలేనంటుంది, అది నిజమే కూడా. ఆయన కొట్టు కట్టేసి వచ్చాక చూద్దాంలే అంటారు. నేను చీర కొంగు తీసి, పీట మీద ఎదురుచూస్తూ కూర్చుని ఉంటాను.

"ఎవరూ లేరమ్మా," అన్నాను.

దేవకుమారి చేతిలో దూది అలాగే పట్టుకుని నా మెళ్ళో సూత్రాల వైపు, కాళ్ళ మట్టెల వైపు చూసింది. "ఒక్కరే ఉంటారా?" అని మెల్లగా అడిగింది.

"అవును, ఒక్కదాన్నే ఉంటాను. రోజు మార్చి రోజు నేనే రైలెక్కి వస్తాను. కట్టు నువ్వే మార్చు తల్లీ."