లాల్‌సింగ్ గడ్డి

దొంగతనంగా తెచ్చి నాటిన మొక్కే బాగా బతుకుతుందని మా అమ్మ అనేది. అలా తెస్తే దేవుడి దృష్టిలో అది దొంగతనమా, కాదా అన్న సందేహం పదకొండేళ్లుగా నన్ను వదల్లేదు. పంతులుగారిని అడగవచ్చు. కానీ ఆయన, "ఏం తెచ్చావు ఆదిశేషయ్యా?" అని తిరిగి అడుగుతారు. అందుకే అడగలేదు.

తెచ్చింది గడ్డి. నవ్వకండి. మా వీధి చివరింటి లాల్‌సింగ్ రుద్రూర్‌లో తోటపనికి వెళ్లే రోజుల్లో ఎక్కడినుంచో తెచ్చి గేటు పక్కన నాటాడు. మనిషిని మించిన ఎత్తు. వానలు తగ్గాక ఊదారంగు కుచ్చులు వేసేది. బాన్సువాడలో అలాంటి గడ్డి నేను మరెక్కడా చూడలేదు. ఒక శనివారం మధ్యాహ్నం గుడినుంచి వస్తూ, వాళ్లింటికి తాళం వేసి ఉండటం చూసి, వేళ్లతో సహా ఒక పిలక పెరికాను. కుడిచేతిలో పులిహోర ప్రసాదం, ఎడమచేతిలో కండువా కింద దొంగసొత్తు. ఇంట్లో మాత్రం నర్సరీలో కొన్నానని చెప్పాను.

అడిగితే లాల్‌సింగ్ బుట్టెడు ఇచ్చేవాడు. అక్కడే వచ్చింది చిక్కు. అడిగి తెస్తే బతకదేమోనని నా భయం.

ఎనిమిదేళ్లపాటు అమ్మ మాటే నిజమైంది. తర్వాత కుచ్చులు కాస్త పలచబడ్డాయి. నలభై ఏళ్లు నిజాంసాగర్ కాలువ కింద వరి పండించినవాణ్ణి, ఒక గడ్డి దుబ్బు నాకు లెక్కా? చుట్టూ గట్టు వేసి, నీళ్లు నిలబెట్టి, యూరియా చల్లాను. ఆకు నల్లగా, బలంగా లేచింది. లేచి పడిపోయింది. ఆ తర్వాత ఒక్క కుచ్చు వేస్తే ఒట్టు.

"ఏమండీ, కోతమిషన్‌కి చెప్పారా?" అని మా ఆవిడ రాజ్యం రోజూ అడిగేది.

ఈ ఏడు తొలకరి పడిన వారానికి లాల్‌సింగ్ భార్య దేవీబాయి వచ్చింది. ఆయన పోయి రెండేళ్లయింది.

"శేషన్నా, నేను తండాకు పోయినప్పుడు మోరీ కాలువ కోసమని మిషన్ వెట్టి మా గేటు కాడ మొత్తం తోడిండ్రు. గా గడ్డి పోయింది. ఆయన చేతితోని పెట్టింది అదొక్కటే మిగిలుండె. మీ ఇంట్ల అసొంటిదే ఉన్నదంట గదా. ఒక్క పిలక ఇయ్యి, పుణ్యముంటది."

"దానికేం అక్కా, తీసుకోండి. మావారు నర్సరీలో కొన్నారు," అంది రాజ్యం గొప్పగా.

దేవీబాయి పెరట్లోకి వెళ్లి చూసి పకపకా నవ్వింది.

"ఏందన్నా, గిది గడ్డా, నాటేసిన పొలమా?"

వంగి దుబ్బు నడుమ చెయ్యి పెట్టింది. గడ్డి కుళ్లి, పిడికెడు నల్లటి ముద్ద ఆమె చేతిలోకి వచ్చింది. నవ్వు ఆగిపోయింది.

"మురిగిపోయింది గదన్నా. ఇగ పోనీ తీయి," అని చెయ్యి కడుక్కోకుండానే గేటువైపు నడిచింది.

"ఉండమ్మా," అని పలుగు తెచ్చాను. గట్టు తెంచి నీళ్లు వదిలాను. దుబ్బును నాలుగు ముక్కలు చేశాను. మూడు ముక్కల్లో ప్రాణం లేదు. గోడవైపు ముక్కలో, నీళ్లు సరిగా చేరని చోట, తెల్లటి వేళ్లతో మూడు పిలకలు దొరికాయి. చేతుల్లోకి తీసుకున్నాను. ఇక "తీసుకో" అంటే చాలు, నేను దాతనైపోతాను. పుణ్యం కూడా ఆమే ఇస్తానంటోంది.

"ఇది నీదేనమ్మా," అన్నాను. "పదకొండేళ్ల కిందట మీ గేటు దగ్గర పెరికి తెచ్చాను. నర్సరీ అంతా అబద్ధం."

దేవీబాయి నన్ను కిందినుంచి మీదికి చూసింది.

"అంటే, గా పని చేసింది మేక కాదా?"

"ఏ మేక?"

"గుంత జూసి మా మేకనే తిన్నదనుకున్నడు ఆయన. అది సచ్చేదాక గుంజకే కట్టేసి మేపిండు. నేను సుత ఎన్ని తిట్లు తిట్టిన! నువ్వా అన్నా గా మేక?"

రాజ్యం నవ్వు ఆపుకోలేక అరుగు మీద కూలబడింది. రోజూ విష్ణుసహస్రనామం చదివే నేను, ఒక మేకకు యావజ్జీవ శిక్ష వేయించాను. క్షమాపణ అడుగుదామంటే అది కూడా లేదు.

"అడిగితే ఇయ్యకపోతుండెనా?" అంది దేవీబాయి. ఆ గొంతులో ఇప్పుడు నవ్వు లేదు.

"ఇచ్చేవాడు." అమ్మ మాట చెప్పాను.

"మా అవ్వ గూడ గట్లనే అంటుండె," అని పిలకల వేళ్లు తడిమి చూసింది. "మరి గిప్పుడు చెప్పి ఇస్తున్నవు. బతుకుతదా?"

మూడు పిలకలనూ రెండు చేతుల్లో పట్టుకుని, పట్టపగలు, కండువా భుజానే ఉంచుకుని, ఆమె వెనకాల వీధంతా నడిచాను. మోరీకి ఇవతల, గేటు పక్కన గుంత తీశాను. నాటబోతే ఆమె నా చేతుల్లోంచి తీసుకుని తనే నాటింది. మట్టి అదిమి, ఒక్క చెంబు నీళ్లు పోసింది. రెండో చెంబుకు నేను లేవబోతే చేత్తోనే ఆపింది.

"చాలు," అంది, కొంగుకు చేతులు తుడుచుకుంటూ. "నాది నాకు ముట్టింది. ఇగ పో అన్నా."