నిగనిగ తెచ్చిన తగవు

మూడు వారాలుగా సంతోషానికి సంతోషం లేదు. బిల్లుల మీద పేరు మాత్రం సంతోషమనే వస్తోంది. మనిషి వంటింటి కిటికీ దగ్గర నిలబడి, పక్కింటి వాకిలి వైపు చూస్తూ, చల్లారిన టీని చల్లారిన ముఖంతో తాగుతున్నాడు.

ఆ పక్కింట్లో ఉండేది వెండెల్. కెనడాలోని విండ్సర్‌లో కార్ల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్కేళ్ళు పనిచేసి రిటైరైన నల్లజాతి పెద్దమనిషి. నదికి అవతల అమెరికా గట్టున బానిసత్వాన్ని వదిలేసి ఇవతలి గట్టెక్కిన ముత్తాతల వంశం. పదకొండేళ్ళ కిందట సంతోషం కుటుంబం ఆ వీధికి వచ్చినప్పుడు, మంచు మీద కారు జారితే బ్రేకు తొక్కకూడదని నేర్పింది వెండెల్. సంతోషం గుండెకు స్టెంట్ వేసిన రోజు, అతని భార్య బాలకుమారి పక్కన ఆస్పత్రి కుర్చీలో తెల్లవార్లూ కూర్చున్నదీ వెండెలే.

"పేరు వెండెల్, మనసు బంగారం!" అని సంతోషం కనబడ్డ తెలుగువాడికల్లా చెప్పేవాడు. ఆ చమత్కారాన్ని ఒకసారి వెండెల్‌కే ఇంగ్లీషులో వివరించబోయి, వెండి దగ్గర మొదలెట్టి బంగారం చేరేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. వెండెల్ ఓపిగ్గా విని, మర్యాదకు నవ్వాడు.

ప్రతి శనివారం పదింటికి వెండెల్ వాకిట్లో రెండు మడత కుర్చీలు పడేవి. బాలకుమారి ఫ్లాస్కులో టీ పోసిచ్చేది. ఇద్దరూ దాన్ని తాగుతూ, టీవీలో ఓడిపోయిన హాకీ టీమును తిట్టుకునేవారు. ఈ ఆచారం మే నెల మొదటి శనివారం తెగిపోయింది.

ఆ రోజు వెండెల్ తన పాత నల్ల కారుకు పాలిష్ పెడుతున్నాడు. సంతోషం ఒక చేత్తో ఫ్లాస్కు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని వచ్చాడు. ఫోన్లో కిచెనర్ అనే ఊళ్ళో ఉన్న బావమరిది షాలేమ్ రాజు. సంతోషానికి స్పీకరు అక్కర్లేదు, గొంతే స్పీకరు. అయినా ఆన్ చేశాడు.

"ఒరేయ్ షాలేమూ, మా వెండెల్ కారు చూడాల్రా! నిగనిగా! అద్దంలా నిగనిగలాడిపోతోందిరా! ఉండు, వీడియో ఆన్ చేస్తా. చూశావా? నిగనిగ!"

వెండెల్ చేతిలోని గుడ్డ ఆగింది. అతను సంతోషం వైపు కాసేపు చూశాడు. గుడ్డను బకెట్లో వేశాడు. లోపలికెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఆ తలుపు ధడేల్‌మన్నా బాగుండేది. మెత్తగా మూసుకుంది.

కడుపులో గ్యాసేమో అనుకున్నాడు సంతోషం. రెండో శనివారం కుర్చీలు పడలేదు. మూడో శనివారం ఫ్లాస్కు పట్టుకెళ్ళి బెల్లు కొట్టాడు. లోపల టీవీ మోగుతోంది, తలుపు మాత్రం తెరుచుకోలేదు. ఇక గ్యాసు సిద్ధాంతం నిలవలేదు.

చివరికి యూనివర్సిటీలో చదివే కూతురు హోప్ అడిగింది. "డాడీ, వాట్ ఎగ్జాక్ట్‌లీ డిడ్ యూ సే?"

సంతోషం అక్షరం పొల్లుపోకుండా, అదే గొంతుతో చెప్పాడు. హోప్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఓ మై గాడ్. దట్ సౌండ్స్ లైక్ ద వర్డ్!"

"ఏ వర్డే?"

"ద వర్డ్, డాడీ! ద వన్ నోబడీ సేస్!"

"ఎవరూ అనని మాట నేనెక్కడ విని నేర్చుకుంటానే?"

హోప్ గొంతు తగ్గించి వివరించింది. అది నల్లజాతి బానిసల్ని కొనుక్కున్నవాళ్ళు వాళ్ళ ముఖాన ఉమ్మిన మాట. సంతోషం మేడమెట్ల మీద కూలబడ్డాడు. మెరుపును మెచ్చుకోబోయి పిడుగు వేశాడన్నమాట. అదీ ఆయన వాకిట్లోనే, నవ్వుతూ, వీడియో తీస్తూ.

"వెళ్ళి సారీ చెప్పేయండి," అంది బాలకుమారి.

"అనని మాటకి సారీ ఎలా చెప్పనూ? చెప్తే అన్నానని ఒప్పుకున్నట్టే కదా! పైగా తలుపు తీస్తేగా."

సోమవారం సాయంత్రాల్లో లైబ్రరీ కింది హాల్లో 'హీలింగ్ సర్కిల్' జరుగుతుందనీ, రంగూ జాతీ వల్ల మనసుకు తగిలిన దెబ్బల గురించి అన్ని రకాలవాళ్ళూ కూర్చుని మాట్లాడుకుంటారనీ, వెండెల్ ఎప్పుడూ మానడనీ చెప్పింది హోప్.

"సర్కిలంటే, ఇన్‌స్పెక్టరు కూడా ఉంటాడా?"

"ఆ నోటి వల్లే ఇదంతా," అంది బాలకుమారి. "అక్కడైనా దానికి సెలవివ్వండి."

సోమవారం ముగ్గురూ వెళ్ళారు. పాతిక కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. సభ నడిపే ఎలీనా అనే అమ్మాయి పొడుగాటి చెక్క గరిటె ఒకటి చూపించింది. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి, మిగతావాళ్ళు వినాలి. సంతోషానికి ఈ పద్ధతి తెలిసినట్టే అనిపించింది. మన సంఘాల్లోనూ గరిటె పట్టినవాడిదే పెత్తనం. తేడా అల్లా, అక్కడ దక్కేది కూర, ఇక్కడ దక్కేది చెవి.

వెండెల్ సరిగ్గా ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. గరిటె చేతులు మారుతూ సంతోషం దగ్గరకొచ్చింది. అతను దాన్ని మైకులా పట్టుకుని లేచాడు.

"నేనొక తెలుగు మాట చెప్పాలి. వినడానికి చాలా చెడ్డగా ఉంటుంది. దయచేసి అర్థం చెప్పేదాకా నన్ను బయటికి పంపకండి." ఊపిరి తీసుకుని, అక్షరం అక్షరంగా అన్నాడు. "ని, గ, ని, గ."

ఇరవై నాలుగు కుర్చీలు ఒక్కసారి కిర్రుమన్నాయి.

"మెరుపు! మెరుపని అర్థం! వెండెల్ కారు మెరుస్తోందని మా బావమరిదికి చెప్పాను. షైనింగు! అంటే మామూలు షైనింగు కాదు, నున్నగా, నూనె రాసినట్టు..." చూపించడానికి మెరిసే వస్తువేదీ కనబడక చుట్టూ వెతికాడు.

గరిటె చేతిలో లేకపోయినా బాలకుమారి లేచింది. మొగుడి బట్టతల మీద అరచేత్తో ఫట్‌మని కొట్టింది.

"దిస్! దిస్ ఈజ్ నిగనిగ!"

పైన ట్యూబులైటు ఆ గుండు మీద నిలువుగా మెరుస్తోంది. ముందు ఎలీనా నవ్వింది, తర్వాత హాలంతా నవ్వింది. వెండెల్ కట్టుకున్న చేతులు విడిపోయాయి, భుజాలు కదిలాయి. చివరికి తల వెనక్కి వాల్చి, కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు. మూడు వారాల తర్వాత సంతోషం ఛాతీలోని స్టెంటు హాయిగా ఊపిరి పీల్చుకుంది.

అప్పుడు వెండెల్ గరిటె కోసం చెయ్యి చాచాడు.

"ఇది నమ్ముతాను," అన్నాడు. "కానీ స్నేహితుడు ఒక మాటన్నాడని అనుమానం వస్తే, మనిషి పాత మాటలన్నీ తిరగేస్తాడు. నేనూ తిరగేశాను. మీ ఇంటి బెల్లు కొట్టినప్పుడల్లా లోపల్నుంచి ఒక కేక వినిపిస్తుంది. 'నల్లాయన వచ్చాడు!' అది అంకుల్ లాంటి బిరుదనుకున్నాను. ఆ ఇంట్లో నాకు బిరుదిచ్చారని డెట్రాయిట్‌లో మా చెల్లెలికి గొప్పగా కూడా చెప్పాను. ఏమిటి దానర్థం?"

గరిటె తిరిగి వచ్చింది. నవ్వుల వేడి హాల్లో ఇంకా ఆరలేదు. బాలకుమారి నేల చూపులు చూస్తోంది. హోప్ తండ్రినే చూస్తోంది.

సంతోషం నాలుక కిందికి ఒక అబద్ధం దానంతటదే వచ్చి కూర్చుంది. తను పనిచేసే ఫ్యాక్టరీలో పదేళ్ళుగా తోడున్న తమిళాయన 'నల్ల' అంటే తమిళంలో 'మంచి' అని ఎన్నోసార్లు చెప్పాడు. నల్లాయన అంటే మంచాయన! తెలుగు మాటకు అరవ అర్థం అంటిస్తే చాలు. పూర్తిగా అబద్ధం కూడా కాదు, పక్క రాష్ట్రంలో నిజమే. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మాటల్ని మెలితిప్పినవాడికి ఇది ఎంత పని? మాట కూడా 'తిప్పరా, తిప్పు' అని బతిమాలుతోంది.

"నల్లాయన అంటే..." అన్నాడు. గొంతు ఎన్నడూ లేనంత చిన్నగా వచ్చింది. "నల్లగా ఉండే ఆయన."

నవ్వులు ఆరిపోయాయి.

"మీ పేరు మాకు తెలుసు. దాని మీద జోకులు కూడా వేశాను. కానీ మీకు అర్థం కాని భాషలో, పదకొండేళ్ళుగా మిమ్మల్ని రంగుతో పిలిచాం. చెడు ఉద్దేశం లేదని అనుకునేవాణ్ణి. నిజంగా లేకపోతే, ఆ అర్థం మీకు ఏనాడో చెప్పి ఉండేవాణ్ణి."

వెండెల్ గరిటె కోసం ఆగలేదు. "బిరుదు కానే కాదా?" అన్నాడు.

"'ఆయన' మర్యాదే. సగం మర్యాద."

"ముందొచ్చేది ఏ సగం?"

"...నల్ల."

"అనుకున్నాను." అతను గడ్డం గోక్కున్నాడు. "మరి ఎదురింటి ఎర్రగడ్డం అతన్ని ఏమంటారు?"

"తెల్లోడు."

"అతనికి 'ఆయన' లేదా?"

"లేదు. అతని కుక్క రోజూ మా లాన్‌లోకే వస్తుంది."

ఎవరో కిసుక్కుమన్నారు. వెండెల్ నవ్వలేదు. "నాకు కోపంగా ఉంది," అన్నాడు. "ఈసారి సరైన దాని మీద. గురువారం దాకా ఉంటుంది."

"బుధవారానికి కుదరదా?" నోరు జారింది సంతోషానికి.

"గురువారం."

"సరే."

సభ ముగిసింది. జనం కుర్చీలు మడిచి గోడకు చేరుస్తున్నారు. కాఫీ పెట్టిన పొడుగాటి బల్లను పక్కగదిలోకి చేర్చాలి, దానికి ఇద్దరు కావాలి. వెండెల్ ఒక కొస పట్టుకుని చుట్టూ చూశాడు. దగ్గర్లో ఉన్నది సంతోషమొక్కడే.

"పట్టు," అన్నాడు.

సంతోషం పట్టాడు. బల్లకూ భలేకూ ముడిపెట్టి ఒక జోకు గొంతులోకి వచ్చింది. దాన్ని మింగేశాడు.

"నీ వైపు దిగిపోతోంది," అన్నాడు వెండెల్. సంతోషం ఎత్తాడు. వెండెల్ వెనక్కి నడుస్తున్నాడు, దారి కనబడేది సంతోషానికే.

"మెట్టుంది," అన్నాడు సంతోషం. "మెల్లగా, వెండెల్ గారూ."