తివాచీ కింది నేల

మా బావకి ఒకటే సిద్ధాంతం: డబ్బు పెడితే దొరికేదాన్ని చేసుకుంటూ కూర్చునేవాడు వెర్రివాడు. అక్క మొగుడు కాబట్టి బావ, జీతం ఇస్తాడు కాబట్టి బాస్. రెండు లెక్కల్లోనూ నేను వినాల్సిందే. వింటాను గానీ ఊరుకోను.

చెప్పుల దుకాణం పైన ఒక్క గది, అదే మా ఆఫీసు. ఇంకా కట్టని ఇళ్ళకి కంప్యూటర్లో బొమ్మలు చేస్తాం. గోడలూ కిటికీలూ గీశాక వాటికి పైతొడుగు వెయ్యాలి, ఇది చెక్క, ఇది రాయి, ఇది సున్నం అని. దాన్ని మెటీరియల్ అంటాం. బావ అవన్నీ నెట్‌లో రెడీమేడ్‌గా కొనేస్తాడు. నొక్కితే చెక్క, నొక్కితే పాలరాయి. నేను సొంతంగా చేస్తానంటే, "నువ్వు ఫోన్లు చూసుకో తల్లీ" అంటాడు. కిటికీ పక్కన పెద్ద కంప్యూటరూ, తిరిగే కుర్చీ ఆయనవి. నాకేమో ఫోనూ, కుంటి స్టూలూను. ఆ కుర్చీ కోసం నేను ఎంత కుళ్ళుకున్నానో నాకే తెలుసు.

ఒకరోజు బిల్డరు మేడం వచ్చారు. కట్టబోయే అపార్ట్‌మెంట్ల హాలు బొమ్మని బావ గర్వంగా తెరమీద పెట్టాడు. ఆవిడ ముందుకి వంగి చూశారు.

"ఈ కన్ను నాకు తెలుసు" అన్నారు.

"ఏ కన్నండీ?"

"నేలమీద చూడండి, ఈ పలకలో కన్నులాంటి ముడి. మొన్న ఇంకో ఆఫీసువాళ్ళు చూపించిన హోటల్లోనూ ఇదే నన్ను చూసింది. అంతకుముందు ఓ పళ్ళ డాక్టరుగారి గదిలోనూ చూసింది. ఊళ్ళో అందరూ కలిసి ఒకే చెట్టు నరికారా ఏం?"

నాకు నవ్వాగక దగ్గినట్టు నటించాను.

"శుక్రవారం మళ్ళీ వస్తా. అప్పుడూ ఈ కన్నే కనిపిస్తే మీకో దణ్ణం" అని ఆవిడ వెళ్ళిపోయారు.

"నేను చేస్తా బావా" అన్నాను, మెట్ల మీద ఆవిడ చెప్పుల చప్పుడు ఆగకముందే.

"నీ మొహం."

"నా మొహం ఊళ్ళో ఒక్కటే ఉంది. నీ చెక్కకి ఆ మాట చెప్పగలవా?"

బావకి రోషం వచ్చింది. "సరే, చెయ్యి. ఆవిడ ఒప్పుకుంటే ఈ కుర్చీ నీది. లేదంటే సొంత తయారీ అన్న మాట జన్మలో నీ నోట రాకూడదు. ఫోన్లే నీకు గతి."

"ఒట్టు?"

"ఒట్టే."

మాట అనేశాను గానీ, నా తల ప్రాణం తోకకొచ్చింది. మొదట చారలు నేనే గీశాను. అది చెక్కలా లేదు, బిస్కెట్టులా ఉంది. తర్వాత రాత్రి దీపం పెట్టుకుని ఇంట్లో చెక్క నేలని ఫొటో తీశాను. దాన్ని బొమ్మలో పరిస్తే హాలంతా వరసగా నా తలకాయ నీడలే! అప్పటికిగానీ బుద్ధి రాలేదు. నీడ పడని వెలుగు కావాలి, అంటే మబ్బు పట్టిన పొద్దు కావాలి.

గురువారం పొద్దున మబ్బు పట్టింది. నేను ఉండేది అక్కావాళ్ళింట్లోనే. హాల్లో పాత చెక్క నేల. నడిచిన చోటల్లా అరిగిపోయింది, బాగున్న భాగమంతా తివాచీ కింద ఉంది. ఆ తివాచీ బావ పెళ్ళిరోజుకి ఇచ్చిన కానుక. వచ్చినవాళ్ళందరికీ అక్క దాన్ని చూపిస్తుంది. పైగా దాన్ని దులిపే పని బావ ఎవరికీ ఇవ్వడు. కాఫీ కప్పు కూడా కడగని మనిషి, తివాచీ మాత్రం స్వయంగా ఎత్తి, దులిపి, మళ్ళీ పరుస్తాడు. "ఎంత ప్రేమో చూడవే" అని అక్క మురిసిపోతుంది.

అక్క బజారుకి వెళ్ళింది. నేను తివాచీ ఎత్తాను.

కింద ఇస్త్రీపెట్టె మచ్చ! మొన తేలి, నల్లగా, అచ్చు గుద్దినట్టు ఉంది. ఓరి బావా! కడుపు పట్టుకుని నవ్వాను. తర్వాత ఫొటో తీశాను.

ఆ రోజంతా బావ బయట పనుల మీద తిరుగుతుంటే, ఆయన కంప్యూటర్ ముందు ఆ పని మీదే కూర్చున్నాను. ఫొటో అంచులు అతుకు తెలియకుండా కలపాలి. ఎక్కడ మెరవాలో, ఎక్కడ మెరవకూడదో, ఏ గీత లోతుగా ఉందో కంప్యూటర్‌కి విడివిడిగా చెప్పాలి. నేలంతా పరిచేసరికి మచ్చ అడుగడుక్కీ వచ్చింది, ఓ పటాలం బట్టలు అక్కడే ఇస్త్రీ చేసినట్టు. అన్నీ చెరిపేశాను. కిటికీ దగ్గర ఒక్కటి మాత్రం ఉంచాను. అది తీసేస్తే దుకాణంలో నేలలా ఉంది, ఉంచితే ఎవరో కాపురం ఉన్నట్టుంది. నిజం చెప్పొద్దూ, బావ మొహం చూడాలనీ ఉంది. అక్క సంగతి మాత్రం నా ఊహలో కూడా లేదు, ఒట్టు.

శుక్రవారం బావ హడావుడిలో కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాడు. తెరకేసి కళ్ళు చికిలించి, "బాగుంది, బాగుంది" అన్నాడు. నా సరదా కాస్తా నీరుగారిపోయింది.

మేడం వచ్చారు. తెరకి దగ్గరగా వంగి మూలమూలా చూశారు. కుర్చీ పోయిందనే అనుకున్నాను.

"కిటికీ దగ్గర అదేంటి?"

"ఏదో మరకండీ, తుడిపించేస్తాను" అన్నాడు బావ.

అప్పుడే తలుపు తెరుచుకుంది. అక్క!

"ఏమండీ, కళ్ళజోడు మర్చిపోయి..." అంటూ తెర చూసి ఆగిపోయింది. "అయ్యో, ఇది మన హాలు కదూ?"

"ఇది ఇంకా కట్టలేదమ్మా" అన్నారు మేడం.

"కట్టకపోవడమేంటండీ, నా నేల నాకు తెలీదూ? ఇదిగో చివర పగిలిన పలక, ఇదిగో నేను బీరువా ఈడ్చిన గీత. మరి ఈ ఇస్త్రీపెట్టె మచ్చ ఎక్కడిది?"

బావ సరిగ్గా అప్పుడే అక్క చేతిలోని కళ్ళజోడు అందుకుని పెట్టుకున్నాడు. తెర చూశాడు, నన్ను చూశాడు, కళ్ళు తేలేశాడు.

అక్క ఆయన్నే చూస్తోంది. "దాని చుట్టూ ఉన్న పలకలు... తివాచీ కిందివి కదూ?"

"అదీ... ఆ రోజు నువ్వు ఇంట్లో లేవు... ఫోన్ మోగితే..."

"అంటే అది కానుక కాదన్నమాట! మూత!"

మేడం నవ్వారు చూడండి, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వారు. "కట్టని ఇంట్లో ఒకావిడ తన నేలని గుర్తుపట్టి మొగుణ్ణి నిలదీస్తోంది. ఇంకేం కావాలి నాకు? పని మీదే. మచ్చ మాత్రం తియ్యకండి" అన్నారు.

కుర్చీ అప్పటికప్పుడే లాక్కున్నాను. ఫోన్ మోగితే బావే లేచి వెళ్ళాడు.

"కొత్త పలకలు కొనేస్తానే" అని ఆ రాత్రి బతిమాలాడు.

"కొనడానికి వీల్లేదు. మనిషిని పెట్టడానికీ వీల్లేదు. మీ చేత్తో మీరే పోగొట్టండి" అంది అక్క.

ఆదివారం బావ ఉప్పుకాగితం పట్టుకుని నేలమీద మోకాళ్ళూనాడు. కాసేపు నన్ను తిట్టుకుంటూ రుద్దాడు, కాసేపు ఇస్త్రీపెట్టెని తిట్టుకుంటూ రుద్దాడు. తర్వాత తిట్లు ఆగిపోయాయి. చూస్తే చెంప నేలకి ఆనించి వెలుతురులోకి చూస్తున్నాడు.

"ఇటు రుద్దితే మెరుస్తోంది, అడ్డంగా రుద్దితే మెరవట్లేదు. ఎందుకే?" అన్నాడు. ఇన్నేళ్ళుగా ఇన్ని ఇళ్ళకి చెక్క తొడిగిన మనిషి!

దెప్పుదామని నోటిదాకా వచ్చింది. కానీ ఆయన మొహం చూసి పక్కన కూర్చుని, చార ఎటు పారుతోందో వేలితో చూపించాను. "ఓహో" అని మళ్ళీ రుద్దడం మొదలెట్టాడు.

"అయిందా?" అని వంటింట్లోంచి అక్క అరిచింది.

"ఇంకా ఉందే, పూర్తిగా పోలేదు" అన్నాడు బావ.

మచ్చ ఎప్పుడో పోయింది. నేను మాత్రం చెప్పలేదు.