మాటకి రెండో కొస

అతని భార్య అతన్ని మోసం చేసి చచ్చిపోయింది. ఇందులో వాదించడానికేమీ లేదు. ముప్పై ఒక్క ఏళ్ల కాపురంలో తొమ్మిదేళ్లు ఆవిడ ఇంకో మగాడి గురించి రాస్తూ గడిపింది. రాసింది చేతికి దొరికింది. దొంగ దొరికాక సాక్షులెందుకు?

దొరికింది కూతురి వల్ల. ఆవిడ పోయిన నాలుగో నెలలో, ఒక సెలవురోజు ఉదయం అతను మాడిన పాలగిన్నె తోముతుంటే కూతురు వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"నాన్నా, అమ్మ కథలు రాసేదని మీకు తెలుసా?"

"మీ అమ్మా? సరుకుల చీటీలో ఉప్పు రాయడం మర్చిపోయే మనిషి."

"నిజంగానే. నలభై ఒక్క కథలు రాసింది. అప్పట్లో టీవీలో పడవ సీరియల్ ఒకటి వచ్చేది గుర్తుందా? కట్టెయ్యమని మీరు అరిచేవారు. అది ఆగిపోయినా, ఇష్టపడ్డవాళ్లు ఆ పడవనీ ఆ మనుషుల్నీ పెట్టుకుని ఇంటర్నెట్‌లో ఇప్పటికీ కథలు రాస్తూనే ఉన్నారు. ఒకరు మొదలెట్టింది ఇంకొకరు అందుకుంటారు."

"ఎవడో కట్టిన ఇంట్లో వీళ్లంతా కాపురాలు పెట్టారన్నమాట."

"అలాగే అనుకోండి. అద్దె లేదు అంతే." కూతురు నవ్వబోయి మానేసింది. "వాళ్లకో కట్టుబాటుంది. ఎవరు కొత్త మనిషిని పుట్టిస్తే ఆ మనిషి వాళ్ల సొంతం. ఇంకొకరు వాడుకోవాలంటే అడిగి తీసుకోవాలి. అమ్మ పుట్టించినాయన ఒకడున్నాడు, దీపాలాయన. పడవలో దీపాలు చూసుకునే మనిషి. అందరికీ ఆయనంటే ప్రాణం. అమ్మ లేదు కదా, ఇవ్వాలా వద్దా చెప్పమని మనల్ని అడుగుతున్నారు."

"ఎవడా ఆయన?"

"కథలో మనిషి నాన్నా."

"కథలో మనిషి ఆకాశం నుంచి ఊడిపడతాడా?"

కూతురు ఒక కాగితాల కట్ట బల్ల మీద పెట్టింది. "ఇవి పాతవి. పోయినేడు అమ్మ అన్నిటినీ మళ్లీ తీసి దిద్దింది. దిద్దినవి తేలేదు."

"ఏం, ఎందుకని?"

"మీరు చదవకపోతేనే మంచిది."

ఆ మాటతో అతని అనుమానానికి కాళ్లొచ్చాయి.

అతను లేత్ మెషీన్ మీద బతుకంతా గడిపినవాడు. నూలువాసి తేడా వస్తే ఇనుప ముక్కని పక్కన పారేసే మనిషి. కథల్నీ మూడు రోజులపాటు అలాగే చదివాడు, ఎక్కడ తేడా ఉందో వెతుకుతూ. రాసినావిడ పేరు ఉన్నచోట 'తడిచేతులు' అని ఉంది. పడవలో అందరి బట్టలూ ఉతికే ఆడమనిషి ఒకతె ఉంది. దీపాలాయన దీపం పట్టుకుని ఆవిడ దగ్గరికి వస్తాడు. "ఇంతసేపూ ఏం చేస్తున్నావ్? అలసిపోయుంటావు, కూర్చో" అంటాడు. ఆవిడ చేసిన కూర తిని, "ఉప్పెక్కువైంది. అయినా ఇంకాస్త పెట్టు" అంటాడు. ఆవిడ తుఫాను గురించి ఏదో చెప్పబోతే, "నీకేం తెలుసు? చెప్పు, నేనూ తెలుసుకుంటాను" అంటాడు. వాడి మొహం ఎలా ఉంటుందో నలభై ఒక్క కథల్లో ఒక్కచోటా లేదు. మొహం రాయలేదంటే దాచిందన్నమాటే. ఇలాంటి మాటలు ఏ మగాడూ ఊరికే అనడు, ఏ ఆడదీ వినకుండా రాయదు. ఆవిడ చేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ ఫోన్ చూసి నవ్వుకోవడం అతనికి గుర్తొచ్చింది. "ఏంటా నవ్వు?" అంటే "ఏం లేదు" అనేది. ఏం లేదన్నచోటే అంతా ఉంటుంది. ఇంట్లో తనొక్కడే మగాడు. ఇక మిగిలింది ఆవిడ పనిచేసిన చోటు, ఆసుపత్రి బట్టలుతికే విభాగం. అక్కడొక సూపర్వైజరు ఉన్నాడు. ఆవిడ చివరి చూపుకి వచ్చి గోడవైపు తిరిగి ఏడ్చాడు. పరాయివాడికి అంత ఏడుపెందుకు?

నాలుగో రోజు ఆసుపత్రికి వెళ్లాడు. ఆవిరి నిండిన పొడవాటి గది. మూలన యంత్రాలు తిరుగుతున్నాయి. భార్యతో పాటు ఇరవై రెండేళ్లు పనిచేసిన లావుపాటావిడ, అందరూ పెద్దక్క అని పిలిచే మనిషి, ఒంటరిగా ఒక దుప్పటితో కుస్తీ పడుతోంది. అతన్ని చూసి ఆశ్చర్యపోలేదు.

"ఊరికే నిలబడే బదులు ఆ కొస పట్టుకోండి అన్నయ్యా. దుప్పటి ఒక్కరివల్ల అయ్యేది కాదు."

పట్టుకున్నాడు. బలంగా తనవైపు లాగాడు.

"లాగకండి, ఇదేం పందెం తాడా? నేను దగ్గరికి వస్తే మీరూ రావాలి. మీ ఆవిడ ఏనాడూ చెప్పించుకోలేదు."

"మీ సూపర్వైజరు ఎలాంటివాడు?"

"ఆయనా? కళ్లజోడు నెత్తిన పెట్టుకుని గదంతా వెతుకుతాడు. ఏం?"

"మా ఆవిడతో ఎలా ఉండేవాడు?"

పెద్దక్క చేతులు ఆగాయి. అతన్ని ఎగాదిగా చూసింది. తర్వాత నవ్వింది, ఆవిరికి దగ్గొచ్చేదాకా నవ్వింది. "అయ్యో అన్నయ్యా! దీపాలాయన కోసం వచ్చారా? ఆ మహానుభావుణ్ణి ఇక్కడే తయారుచేశాం, ఈ దుప్పట్ల మధ్యే. ఆవిడా నేనూ."

అతనికి అర్థం కాలేదు.

"అదో ఆట. పొద్దున్నే వస్తూనే, ఇవాళ మా ఆయన ఏమన్నాడో తెలుసా అనేది. ఒక కొస పట్టుకుని మీ మాట చెప్పేది. 'ఇంతసేపూ ఏం చేస్తున్నావ్?' అంతే. అది మీ సగం. రెండో కొస పట్టుకుని మిగతా సగం ఇద్దరం కలిసి అల్లేవాళ్లం. 'అలసిపోయుంటావు, కూర్చో.' దుప్పటి మడతపడేసరికి మాటా పూర్తయ్యేది. ఎంత నవ్వుకున్నామో! మీ గురించి కాదులెండి." దుప్పటి అంచు సరిచేసి అంది, "మీ గురించే."

అతను తన చేతిలోని కొస చూసుకున్నాడు. మనిషి ఎదుటివాళ్ల మాటలు ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటాడు, తన నోటి మాట ఎదురొస్తే పోల్చుకోలేడు. మూడు రోజులు చదివాడు. తన గొంతు తనకి వినపడలేదు.

"మరి సూపర్వైజరు ఎందుకు ఏడ్చాడు?"

"ఆయన తల్లికి జబ్బుచేస్తే ఆవిడ నెలరోజులు తన పని చేసుకుంటూ ఆయన పని కూడా చేసింది. ఎవరికీ చెప్పలేదు. మీకూ చెప్పలేదా?"

చెప్పిందేమో. అలాంటివి అతను వినేవాడు కాదు.

"ఆట ఎందుకు మానేసిందో మాత్రం నన్నడక్కండి," అంది పెద్దక్క. "పోయినేడు ఒకరోజు వచ్చి కొస పట్టుకుంది, మీ మాట చెప్పింది. నేను రెండో సగం అందుకోబోతే, వద్దక్కా, దీనికి లేదు అంది."

అతను తిన్నగా కూతురింటికి వెళ్లి దిద్దిన కథలు ఇమ్మన్నాడు. కూతురు అతని మొహం చూసి ఇచ్చింది. అక్కడే కుర్చీలో కూర్చుని చదివాడు. అదే పడవ, అదే ఆడమనిషి. దీపాలాయన వస్తాడు. "ఇంతసేపూ ఏం చేస్తున్నావ్?" అంటాడు. పోతాడు. "ఉప్పెక్కువైంది." అంతే. "నీకేం తెలుసు?" అంతే. నలభై ఒక్క కథల్లోనూ ప్రతి మాటా సగానికి తెగి ఉంది. ఒక్కో కథ కింద ఆవిడ ఒక్క వాక్యం రాసింది. ఇది రాసింది ఆయన పళ్లెం తోసేసి లేచి వెళ్లిపోయిన రోజు. ఇది చుట్టాల ముందు నా జీతం గురించి జోకు వేసిన రోజు, నేనూ నవ్వాను. ఇది ఏమీ అనని రోజు, ఆ వారమంతా ఏమీ అనలేదు. చివరి కథలో ఆడమనిషి, ఛాతీలో నొప్పిగా ఉంది, రేవులో వైద్యుడికి చూపించుకోవాలి అంటుంది. పాత కథలో లేని మాట అది, దిద్దినప్పుడు చేర్చింది. దీపాలాయన తలెత్తకుండా, "ఒక్కదానివే వెళ్లలేవా?" అంటాడు. ఆవిడ చేతులు తుడుచుకుని, పడవ దిగి, ఒక్కతే వెళ్లిపోతుంది. తిరిగొచ్చినట్టు రాయలేదు. ఆవిడ ఇంట్లో ఆ మాటన్న రోజు అతను పేపరు చదువుతున్నాడు. ఏ పేజీయో కూడా గుర్తుంది.

ఆ కథ కింద మాత్రం ఇంకొన్ని వాక్యాలు ఎక్కువున్నాయి. చదివేవాళ్లు గొడవ పెట్టారట, అంత మంచి మనిషిని ఎందుకు పాడుచేశావని. వాళ్లకి ఆవిడ ఇలా బదులిచ్చింది:

"మీరంతా అడిగేవారు, ఇలాంటి మనిషి మీకెక్కడ దొరికాడని. దొరకలేదు. మొదటి సగం మా ఇంట్లోది, రెండో సగం నేను కుట్టినది. ఒక మనిషి అనని మాటని అన్నట్టు తొమ్మిదేళ్లు రాస్తే, నిజంగా అన్నాడనే అనిపిస్తుంది. కోపం పొద్దుటికల్లా ఆరిపోతుంది, మళ్లీ పొయ్యి వెలిగించబుద్ధవుతుంది. నన్ను మోసం చేసింది ఆయన కాదు, ఆ కుట్టు. మంచితనమంతా నాదైతే దాన్ని ఆయన నోట్లో ఎందుకు దాచాను? నా సగాలు నేను విప్పుకుంటున్నాను."

కూతురు ఎదురుగా వచ్చి కూర్చుంది. "పాతాయన్నే ఇచ్చేద్దాం నాన్నా. కొత్తాయన్ని ఎవరూ అడగలేదు. పాతాయనైతే అందరూ మంచివాడనుకుంటారు."

"ఎవర్ని?"

కూతురు తల దించుకుంది. ఈ పిల్లకి మొదటి పేజీలోనే తెలిసిపోయిందని అతనికి అప్పుడు అర్థమైంది. ఆ ఇంట్లో పెరిగిన పిల్ల. తండ్రి గొంతు ఎక్కడ విన్నా పోల్చుకుంటుంది.

ఊ అంటే చాలు. ఎవరెవరో, ఎక్కడెక్కడో, ఆ మంచివాణ్ణి తీసుకుని ఇంకో నలభై కథలు రాస్తారు. ప్రతి కథలో అతను పెళ్లాన్ని కూర్చోమంటాడు, ఇంకాస్త పెట్టమంటాడు, చెప్పు వింటానంటాడు. పైసా ఖర్చు లేకుండా మంచివాడైపోవచ్చు. అతనికి ఆశ పుట్టలేదని కాదు. చాలాసేపు కాగితాలు సర్దాడు.

"పాతాయన్ని ఎవరికీ ఇవ్వొద్దు," అన్నాడు. "వాడి నోట్లో ఉన్నది మీ అమ్మ సొత్తు. ఆవిడే వెనక్కి తీసుకుంది, మళ్లీ దానం చెయ్యడానికి మనమెవరం? ఆవిడ ఎలా దిద్దిందో అలాగే ఉండాలి. కావాలంటే ఆ కొత్తవాణ్ణి తీసుకోమను."

"నాన్నా, వాళ్లంతా ఆయన్ని తిడుతున్నారు."

"తిట్టనీ."

"మీకు కోపంగా లేదా?"

ఉంది. దుప్పట్లు మడుస్తూ నవ్వుకున్నందుకు ఉంది. పరాయివాళ్లకి రాసింది మొహమ్మీద అననందుకు ఉంది. అని ఉంటే విని ఉండేవాడు కాదన్నదీ తెలుసు. దానికి ఇంకా ఎక్కువ ఉంది. ఆవిణ్ణి క్షమించలేదు. తనని క్షమించమని అడగడానికి ఆవిడా లేదు.

లేచి చెప్పులు వేసుకున్నాడు. "ఇక ఈ సంగతి నా దగ్గర ఎత్తకు. నువ్వెత్తినా నేను పలకను."

తర్వాత పదకొండేళ్లు బతికాడు. పలకలేదు.